ఆఖరి బాటసారి ఇల్లు చేరేదాకా

జెరూసలేం,
ఎలూల్ 18.

తాతయ్యా,

ముందు ఫిర్యాదు, తర్వాత కుశలం.

వేసవి సెలవుల్లో ఇంటికొచ్చి పదకొండు రోజులున్నాను. ఆ పదకొండు రోజులూ భోజనాల బల్ల దగ్గర నేను పెద్దగా మాట్లాడలేదన్నది నిజం. దానికి మన ఇంట్లో ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. జెరూసలేంలో ఎవరినో ప్రేమించి దెబ్బతిన్నానని అమ్మ తేల్చేసింది. మాంసం కూరిన కుబ్బా ఉండలు వడ్డిస్తూ నా తల నిమిరి, "పోనీలే, వాడికే ప్రాప్తం లేదు" అంది. ఎవడు తాతయ్యా ఆ వాడు? హబీబా అత్త నాకు దిష్టి తగిలిందని నిప్పుల మీద పటిక వేసింది. అది కరిగి గడ్డకట్టాక అందులో పక్కింటావిడ ముక్కు కనబడిందని ఒట్టేసి చెప్పింది. నాన్న నా ఎదురుగా ఏమీ అనలేదు. నేను లేచి వెళ్ళాక మాత్రం, "చదువెక్కువైతే ఇంతే. మనతో మాట్లాడాలంటే నామోషీ" అన్నాడు. గోడ అవతల నేను చేతులు కడుక్కుంటూనే ఉన్నాను.

నేను ఆలోచిస్తున్నాను. అంతే. ఆలోచించే ఆడపిల్ల ముఖం మన ఇంట్లో ఇదివరకెవరూ చూడలేదేమో, రోగం అనుకున్నారు.

విషయమిది. మా వాతావరణ శాస్త్రం మేస్టారు నన్నొక ఉద్యోగానికి సిఫారసు చేశారు. దక్షిణాన, అరావా ఎడారిలో ఒక పరిశీలన కేంద్రం. మొత్తం నలుగురుంటారు. ఏడాది పాటు పని. ఏం పనంటే, వాన కొలవడం. నవ్వకు. ఏడాది మొత్తానికి ముప్ఫై మిల్లీమీటర్లు పడే చోట వాన కొలవాలి. ఒక్కోసారి ఆ ముప్ఫైలో సగం ఒక్క మధ్యాహ్నంలోనే పడిపోతుందట, వాగులు గోడల్లా లేచి వస్తాయట. ఆ మధ్యాహ్నం అక్కడ మనిషి ఉండాలి. పండగలన్నీ అయ్యాక, కిస్లేవ్ నెల మొదటి వారంలో చేరాలి.

నాన్నకు చెప్పాను. "పండగల తర్వాత చూద్దాం" అన్నాడు. ఈ దేశంలో పన్ను పీకించుకోవడం నుంచి పెళ్ళాంతో రాజీ దాకా అన్నీ పండగల తర్వాతే.

నీకే ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు, పొద్దున ఎనిమిది కొట్టగానే, పెరట్లో మన వాన డబ్బా దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడివి. డబ్బాలో నీళ్ళు కొలత గ్లాసులో వంచి, నా ముక్కు ముందు పెట్టి, "ఎంతుందే?" అనేవాడివి. నేను "పన్నెండున్నర" అంటే, నా కళ్ళతో సమానంగా వంగి, నువ్వూ చూసి, అప్పుడు నోట్‌బుక్కులో రాసేవాడివి. మిగతా వాళ్ళు నన్ను తప్పు చదివితే చదివారు. నువ్వు కొలత తప్పు చదవవు.

కుశలమే. నువ్వు?

నీ తిర్జా


తల్మే నాహూమ్,
ఎలూల్ 25.

తిర్జమ్మా, నా కంటి దీపమా,

నీ ఉత్తరం ద్రాక్ష పందిరి కింద కూర్చుని రెండుసార్లు చదివాను. పటికలో ముక్కు నేనూ చూశాను. అది పక్కింటావిడది కాదు, మన హబీబాదే. చెప్పానంటే ఈ వయసులో నాకు అన్నం పెట్టే దిక్కుండదు, అందుకని ఊరుకున్నాను.

ఇక్కడ రోజూ తెల్లారకముందే క్షమాపణ ప్రార్థనలు. ఊరంతా సగం నిద్రలో నడిచొస్తుంది. ప్రార్థన మందిరంలో సల్మాన్ షహ్రబాని మా పక్క బల్ల మీద గురకపెడుతూ, ప్రతి "ఆమేన్" మాత్రం సరిగ్గా సమయానికి అంటాడు. అదొక వరం.

ముప్ఫై మిల్లీమీటర్లా? మన కోళ్ళ నీళ్ళపళ్ళెంలో అంతకన్నా ఎక్కువుంటాయి. వాన కొలవడానికి ఎడారికి పోయేదాన్నీ, బట్టతలల ఊళ్ళో మంగలి షాపు పెట్టేవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటో తీయాలి. కోప్పడకు. తాతని కదా, ఈ మాత్రం అనకపోతే నా నోరు పుచ్చిపోతుంది.

మనవాళ్ళంతా బాగున్నారు. గేటు కీలు ఊడిపోతే సల్మాన్ మనవడు మెనాషే వచ్చి బిగించి పోయాడు. నేను పిలవనైనా లేదు. టీ తాగమంటే వద్దన్నాడు, తర్వాత రెండు తాగాడు.

నీ ఉద్యోగం సంగతి, తల్లీ, పండగల తర్వాత మాట్లాడుకుందాం. నేను కూడా అదే మాట అంటున్నానని పళ్ళు కొరక్కు. హెష్వాన్ నెలని దేవుడు ఊరికే ఖాళీగా వదిలాడా? దానికి ముందొచ్చే తిష్రీ నెలంతా పెళ్ళివారిల్లు. కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ, ఊపిరి సలపదు. ఆ వెనకాల వచ్చే హెష్వాన్‌లో ఒక పండగ లేదు, ఒక ఉపవాసం లేదు. అందుకే దాన్ని చేదు నెలంటారు. మా నాన్న అనేవాడు: "తిష్రీలో దేవుడింట్లో చుట్టాలం. హెష్వాన్‌లో ఎవరిల్లు వాళ్ళు చేరుకుని, పొయ్యి వెలిగించుకుని, బతకాలి."

చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, గుర్తుందా? "తాతయ్యా, భూమి నోరు తెరిచి ఉంది కదా, పండగైన మర్నాడే దేవుణ్ణి వాన అడగొచ్చుగా? హెష్వాన్ ఏడో తేదీ దాకా ఎందుకు ఆగుతాం?" అని. ఎందుకంటే, పూర్వం జెరూసలేంలో మన పెద్ద గుడి ఉన్న రోజుల్లో, పండక్కి అక్కడికొచ్చిన వాళ్ళలో అందరికన్నా దూరంవాడు మన యూఫ్రటీసు ఒడ్డువాడు. తిరిగి వెళ్ళడానికి పదిహేను రోజుల నడక. వాడు దారిలో తడిసి, బురదలో దిగబడకూడదని, వాడు ఇల్లు చేరేదాకా దేశమంతా వాన అడక్కుండా నోరు కట్టుకుని కూర్చునేది. ఆ ఆఖరివాడు ఇరాక్‌లో మేం వదిలొచ్చిన మా హిల్లా ఊరివాడే, అనుమానం లేదు. "వాడి పేరేంటి?" అన్నావు. నాకేం తెలుసు? కుంటిగాడిద మామ అన్నాను. అప్పట్నుంచి ప్రతి ఏడూ, "కుంటిగాడిద మామ ఇవాళ ఎక్కడిదాకా వచ్చాడు?" అని నా ప్రాణం తీసేదానివి.

పండక్కి రా. ఖర్జూరం బిస్కట్లు దాచి ఉంచుతాను.

నీ తాత హెస్కెల్


జెరూసలేం,
తిష్రీ 25.

తాతయ్యా,

పండగలు అయిపోయాయి.

పర్ణశాల కప్పడానికి నువ్వే కదా నన్నూ మెనాషేనీ రెండు నిచ్చెనలెక్కించింది. నేను తాడు పట్టుకున్నాను, వాడు ఖర్జూరపు మట్టలు సర్దుతున్నాడు. కాసేపు ట్రాక్టర్ గురించి చెప్పాడు. తర్వాత, మట్ట మీంచి చూపు తిప్పకుండా, "తిర్జా, నాకు పెళ్ళి కుదిరిందట" అన్నాడు.

"శుభం. ఎవరితో?"

"ఆ పొడుగు మట్ట ఇటివ్వు. నీతో."

తాడు వదిలేశాను. మట్టలన్నీ వెళ్ళి కింద నిలబడ్డ హబీబా అత్త నెత్తిన పడ్డాయి. ఆ రోజు మీరందరూ పరుగెత్తుకొచ్చిన కేక అదే. అత్త మళ్ళీ పటిక వెతుక్కుంటూ లోపలికి పోయాక అడిగాను, "ఎవరన్నారు?" అని.

"మా నాన్న. ఎండాకాలంలోనే మీ తాతయ్య మా తాతతో చెయ్యి కలిపి మాటిచ్చాడట. నిన్నడిగే కలిపాడనుకున్నాను."

"నన్నెవరూ అడగలేదు."

"నన్నూ అడగలేదులే." మూడు మట్టలు కట్టాడు. తర్వాత అటు తిరిగి, "అడిగుంటే కాదనేవాణ్ణి కాదు" అన్నాడు.

మెనాషే మంచివాడు తాతయ్యా. వెధవయితే ఎంత హాయిగా ఉండేది!

ఆ తర్వాత ఎనిమిది రోజులు నేను నీ ముఖం చూస్తూ కూర్చున్నాను. నన్ను ఒక్క వేళాకోళం ఆడలేదు నువ్వు. నీ పళ్ళెంలోంచి మంచి ఖర్జూరాలు ఏరి నా పళ్ళెంలో వేశావు. మెనాషే వాళ్ళమ్మ కుట్టుపని చేసిన గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకొచ్చి, అమ్మతో గుసగుసలాడి, నా చెయ్యి పట్టుకుని గాజు కొలత చూస్తున్నట్టు చూసి వెళ్ళింది. ఆవిడున్నంతసేపూ నువ్వు కోళ్ళ గూట్లో ఉన్నావు. మన కోళ్ళకి నీతో అంత పని ఏముంటుంది?

నేను అడగలేదు. నువ్వే చెబుతావని చూశాను. బస్సు దాకా వచ్చావు, సంచిలో బిస్కట్లు కుక్కావు, నుదుటి మీద ముద్దు పెట్టావు. చెప్పలేదు.

ఇప్పుడు చెప్పు.

తిర్జా


తల్మే నాహూమ్,
తిష్రీ 29.

తల్లీ,

అవును, కలిపాను.

నువ్వు సెలవులకొచ్చిన వారమే. సల్మాన్ ఓ పుచ్చకాయ చంకలో పెట్టుకుని వచ్చాడు. పందిరి కింద కోసుకుని తిన్నాం. గింజలు ఉమ్ముతూ, "హెస్కెల్, మావాడికి నీ మనవరాల్ని అడుగుదామనుకుంటున్నా, పిల్ల ఏమంటుందో?" అన్నాడు. ముందు రోజు రాత్రి భోజనంలో మీ అమ్మ నీతో "మెనాషే ఎంత ఎదిగాడో చూశావా?" అనడం నేను విన్నాను. నువ్వేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా హిల్లాలో అయితే అది పూర్తి అంగీకారమే. మీ నానమ్మ పెళ్ళి దాకా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత నలభై రెండేళ్ళు ఆ లోటు తీర్చింది. నువ్వూ మీ నానమ్మ లాంటిదానివే అనుకున్నాను. చెయ్యి చాపాడు, కలిపాను.

మూడు వారాలకి నీ ఉత్తరం వచ్చింది. "నువ్వు కొలత తప్పు చదవవు" అని రాశావు. ఆ కాగితం వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. అది ఎలూల్ నెల, అందరికీ క్షమాపణ చెప్పుకునే నెల. ఊరందరి దగ్గరా చెప్పుకున్నాను. పోయినేడు కాలితో తన్నినందుకు గాడిదక్కూడా చెప్పుకున్నాను. నీ దగ్గర మాత్రం చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే ముందు చేసింది ఒప్పుకోవాలిగా.

ఇంకొకటి కూడా విను. హిల్లాలో ఇల్లు, తోట, కొట్టు వదిలి, తలా ఒక పెట్టెతో విమానం ఎక్కినవాళ్ళం. ఆ పెట్టెలో పట్టనిది ఒక్కటే తెచ్చుకున్నాను, మాట. ఇక్కడ దిగగానే గుడారాల్లో పడేశారు. మా పక్క గుడారం సల్మాన్‌ది. మొదటి చలికాలం వరదకి మా గుడారం కొట్టుకుపోతే, ఎనిమిదేళ్ళ హబీబాని తన పిల్లల మధ్య పడుకోబెట్టుకుని, తను రాత్రంతా గుంజ పట్టుకుని నిలబడ్డాడు. అలాంటివాడి చేతిలో చెయ్యి వేసి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెనక్కి లాక్కోను?

నిశ్చితార్థం హెష్వాన్ పదిహేనున అనుకున్నాం. నువ్వు ఏడో తేదీ లోపల ఇంటికి రా. ఎదురెదురుగా కూర్చుందాం. కాగితం మీద నాకు ధైర్యం చాలడం లేదు. ఎడారి గురించి చెప్పు, వింటాను. కానీ తల్లీ, మన ఊళ్ళో కూడా వాన పడుతుంది. ఇక్కడా కొలవచ్చు. ఆ డబ్బా నా తర్వాత ఎవరు చూస్తారు?

నీ తాత


జెరూసలేం,
హెష్వాన్ 2.

తాతయ్యా,

ఆరో తేదీకి వస్తాను. అరవనని మాట ఇవ్వలేను. మన ఇంట్లో మాటలు ఇప్పటికే ఎక్కువ ఇచ్చేశాం.

నీ ఉత్తరం రెండో పేజీ మీద ఖర్జూర తేనె మరక ఉంది, దానికి రొట్టె పొడి అంటుకుని ఉంది. ఫలహారం మధ్యలో ఆపేసి రాశావన్నమాట. పూర్తిగా కోపం తెచ్చుకుందామంటే తెచ్చుకోనివ్వవు. ఇది అన్యాయం.

తి.


తల్మే నాహూమ్,
హెష్వాన్ 8.

తిర్జమ్మా,

నువ్వు రాలేదు.

ఆరో తేదీ మూడు బస్సులు చూశాను. మొదటి దాంట్లోంచి టీచరమ్మ దిగింది, రెండో దాంట్లోంచి ఎవరివో రెండు కోళ్ళు, మూడో దాంట్లోంచి ఎవరూ దిగలేదు. డ్రైవరు, "ఎవరికోసం బాబాయ్, రోజంతా?" అన్నాడు. "గాలి కోసం" అన్నాను.

ఇక నిన్నటి సంగతి. నీకు వేరేవాళ్ళు రాసేలోపు నేనే రాస్తున్నాను. ఏడో తేదీ. పొద్దున ప్రార్థన ఎప్పట్లాగే నేనే నడిపిస్తున్నాను. ముందు ఎవరికి వారు మనసులో చదువుకున్నారు. తర్వాత నేను బయటికి చదవాలి. ఏడాది పంటని దీవించమని అడిగే దీవెన దగ్గరికొచ్చాను. నిన్నటిదాకా ఎండాకాలపు మాటలు, ఇవాళ్టి నుంచి వాన మాటలు. ఊరంతా చెవులు రిక్కించి ఉంది. గోధుమ విత్తనం సంచుల్లో సిద్ధంగా ఉంది, సల్మాన్ వేరుశెనగంతా పీకి ఇంట్లో వేసుకున్నాడు. ఇక కురిస్తే మేలే తప్ప కీడు లేదు. నేను నోరు తెరిచి ఎండాకాలపు దీవెన చదివేశాను.

ఒక్కసారిగా బల్లలు దడదడలాడాయి. "వాన! వాన!" అని వెనక బెంచీలు. "హెస్కెల్! ఎండాకాలం అయిపోయిందయ్యా, పంచాంగం కావాలా?" అని సల్మాన్. "ముసలాయన నెల మర్చిపోయాడు" అని ఇంకెవరో. మళ్ళీ వెనక్కి వెళ్ళి, సరిచేసుకుని చదివాను. యాభై ఏళ్ళలో మొదటిసారి.

ఇలాంటి తప్పుకి మందు ఉంది. ఆ వాన మాటలు తొంభై సార్లు అంటే నాలుక అలవాటు పడుతుందని పెద్దలు చెప్పారు. సల్మాన్ నన్ను వసారాలో కూర్చోబెట్టి, నేను ఒక్కోసారి అనగానే గుప్పిట్లోంచి ఒక్కో వేరుశెనగ గింజ తీసి లెక్కపెట్టాడు. లెక్కపెట్టినవి తినేశాడు. అరవై మూడో దగ్గర గింజలయిపోయాయి. "చాల్లే, దేవుడికి అర్థమయ్యే ఉంటుంది" అని లేచాడు. నీ సంగతి చెప్పేద్దామని అరవై మూడు సార్లూ అనుకున్నాను. చెప్పలేకపోయాను.

మీ నాన్న నన్ను ఇంటికి తీసుకొస్తూ, బీటవారిన కుండని పట్టుకున్నట్టు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వయసు నాన్నా, ఏం ఫరవాలేదు" అన్నాడు. నన్ను కూడా ఇంట్లో తప్పు చదువుతున్నారు, చూశావా? నీ ఫిర్యాదేమిటో నాకిప్పుడు తెలిసింది.

నీ ఒక్కదానికే చెబుతున్నాను. నేను మర్చిపోలేదు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి, నా ఆఖరి బాటసారి ఇంకా దారిలోనే ఉంది, ఇంటికి రాలేదు, వాననెలా అడగను అనిపించింది. అందుకే పాత మాటలే చదివాను.

వాన డబ్బా ఎండిపోయి ఉంది. ఇవాళ పొద్దున సున్నా అని రాశాను. వాన నా వల్లే ఆగిందని ఊళ్ళో హాస్యం. నాకు హాస్యంగా లేదు.

ఎక్కడున్నావు? ఇంటికి రా తల్లీ.

తాత


జెరూసలేం,
హెష్వాన్ 12.

తాతయ్యా,

ఆరో తేదీ నేను బస్సు ఎక్కాను. మీ వైపుది కాదు, దక్షిణానికి పోయేది. ముందు రోజు సాయంత్రం ఎడారి కేంద్రం నుంచి టెలిగ్రాం వచ్చింది, మర్నాడే వచ్చి కనబడమని. మన ఊరి ఆఫీసు ఫోనుకి రెండుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. మూడోసారి చేయలేదు. చేయకపోవడం నా తప్పే.

ఎడారి చూశాను. నాలుగు మంచాలు, ఒక నీళ్ళ ట్యాంకు, మూడు తుమ్మచెట్లు, వాటి వెనక ఎర్రటి కొండ. వర్షమాపకం మన డబ్బా లాంటిదే, కాకపోతే దాని చుట్టూ మేకలు రాకుండా ముళ్ళకంప. నాకంటే ముందు అక్కడ పనిచేసినతను నోట్‌బుక్కు చూపించాడు. ఏడు నెలలు వరసగా సున్నాలు. ఒక చోట మాత్రం "0.0, తేలు 1" అని ఉంది. పొద్దున మూత తీస్తే లోపల అదుందట. "విసుగు పుట్టదా?" అన్నాను. "సున్నా ఊరికే రాయకూడదు, వెళ్ళి చూసి రాయాలి" అన్నాడు. నువ్వనే మాటే. అక్కడే సంతకం పెట్టాను.

తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం వచ్చి ఉంది. మెట్ల మీదే కూర్చుని చదివి ఏడ్చాను. వేరుశెనగ గింజల దగ్గర నవ్వాను. మళ్ళీ ఏడ్చాను. పక్క గది పిల్ల, "ఎవరు పోయారు?" అని పరుగెత్తుకొచ్చింది. చూశావా, నా ముఖం ఎవరికీ సరిగ్గా చదవడం రాదు.

తాతయ్యా, నాకోసం వాననాపిన మనిషివి నువ్వు. ఇలాంటిది ఏ మనవరాలికీ జరిగి ఉండదు. అందుకే ఇది నీకు జాగ్రత్తగా చెప్పాలి.

కుంటిగాడిద మామ కథ నువ్వెప్పుడూ హిల్లా గుమ్మంలో నిలబడి చెప్పావు. ఇంట్లో దీపం పెట్టి ఎదురుచూసే వాళ్ళ వైపు నుంచి. నువ్వక్కడ పుట్టావు కాబట్టి. నేనూ అలాగే విన్నాను, అలాగే నమ్మాను. కానీ వాననాపింది హిల్లా వాళ్ళు కాదు తాతయ్యా. ఇక్కడివాళ్ళు. వాడు వెళ్ళిపోయిన ఊరివాళ్ళు. ఎండిన పొలాలు ముందు పెట్టుకుని, విత్తనం సంచులు మూతి కట్టి, పదిహేను రోజులు నోరు మూసుకున్నది వాడు తమ దగ్గరికి రావాలని కాదు, తమని వదిలి సుఖంగా వెళ్ళాలని. నువ్వు ఆరో తేదీ బస్టాపు దగ్గర నిలబడి, నేను వచ్చేదాన్ననుకున్నావు. నేను వెళ్ళేదాన్ని. నువ్వు వాననాపింది సరైన మనిషి కోసమే, తప్పు దిక్కుకి చూశావు, అంతే.

ఇక సల్మాన్ తాతకిచ్చిన మాట. నోట్‌బుక్కులో కొలవకుండా రాసిన అంకె ఉంటే ఏం చేయాలో నువ్వే నేర్పావు. పేజీ చింపకూడదు. సిరా పూసి కనబడకుండా చేయకూడదు. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన పేరు రాసి, కిందే సరైన అంకె రాయాలి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి అనేవాడివి. నీ మాట అలాగే ఉంటుంది. దాని మీద గీత నువ్వు గీయక్కర్లేదు, నేనే గీస్తాను. ఈ శుక్రవారం, పదిహేడున వస్తున్నాను. నిశ్చితార్థం పదిహేనున లేదని సల్మాన్ తాతతో ఈలోపు చెప్పు. ఎందుకో నేనొచ్చి చెబుతానను. నోవహు ఓడ ఎక్కిన జలప్రళయం మొదలైంది హెష్వాన్ పదిహేడునే అంటారుగా, హబీబా అత్తకి గుర్తుచేయకు, ఇల్లంతా పటిక పొగ పెడుతుంది. బస్సు దిగి నేరుగా వాళ్ళింటికే వెళ్తాను. సల్మాన్ తాత గుడారం గుంజ పట్టుకుని నిలబడ్డ రాత్రి సంగతి నాకు తెలుసని చెబుతాను. ఆ రుణం మన ఇంటి మీద ఉందని చెబుతాను. దాన్ని తీర్చడానికి నేను పనికిరానని కూడా చెబుతాను. మెనాషేకి వేరే ఉత్తరం రాశాను. అందులో ఏముందో వాణ్ణి అడక్కు.

నువ్వు వాళ్ళ గుమ్మం దాకా రావాలనుకుంటే రా. నా పక్కన నిలబడితే చాలు, మాట్లాడక్కర్లేదు. ఈసారి నీ మౌనాన్ని నేను సరిగ్గానే చదువుతాను.

వాన డబ్బా గురించి అడిగావు. రోజూ పొద్దున ఆ వేళకి టీచరమ్మ కూతురు మన పెరటి గోడెక్కి నువ్వు చేసే పని చూస్తుంటుంది, నువ్వు గమనించలేదు. రేపు ఎనిమిదింటికి ఆ పిల్లని పిలిచి కొలత గ్లాసు ముక్కు ముందు పెట్టు. మొదటి వాన ఎన్ని మిల్లీమీటర్లో నాకు రాయి. మా సున్నాలు నేను రాసి పంపుతాను.

ఇక వాన అడుగు తాతయ్యా, గట్టిగా అడుగు.

కిస్లేవ్ మూడో తేదీ, ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకి నేను దక్షిణానికి వెళ్తున్నాను.

తిర్జా